విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి తెరచాప పడవలో: నడిసముద్రంలో వాతావరణ కబురుకి ఏ రేడియో కొనాలి?

2014 అక్టోబర్ 8న హుద్‌హుద్ తుఫాను అండమాన్ దీవులను దాటింది. 12న మధ్యాహ్నం విశాఖను తాకింది. మధ్యలో నాలుగు రోజులు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి దాదాపు 650 నాటికల్ మైళ్ళు. 5 నాట్ల వేగంతో, అంటే గంటకు 5 నాటికల్ మైళ్ళు, నడిచే తెరచాప పడవకు ఐదున్నర రోజులు పడుతుంది. ఆ వారం మొదట్లో విశాఖలో ఎండ చూసి ఎవరైనా తెరచాప ఎత్తి ఉంటే, ఆ తుఫానుకి ఎదురెళ్ళి ఉండేవారు.

రేవు వదిలేటప్పుడు ఫోన్‌లో చూసుకున్న ఐదు రోజుల సూచన మూడో రోజుకి పాతబడిపోతుంది. తీరం కాస్త దూరమయ్యేసరికి ఫోన్ సిగ్నల్ పోతుంది. ఆ తర్వాత కొత్త కబురు ఎలా వస్తుందన్నది రేవులో ఉండగానే తేల్చుకోవాల్సిన విషయం. ఈ దారిలో రెండుసార్లు సిబ్బందిలో ఒకడిగా వెళ్ళాను. చాలామంది ఈ లెక్కను తిరగేసి వేయడం చూశాను: మాట్లాడే రేడియో మీద లక్షలు పెడతారు, హెచ్చరిక అందుకునే చిన్న పెట్టెను మరిచిపోతారు. నా సలహా దీనికి ఉల్టా. ముందు వినడానికి ఖర్చు పెట్టండి, మాట్లాడడం సంగతి తర్వాత.

శాటిలైట్ ఫోన్ ఉండగా ఈ గొడవంతా ఎందుకని అడుగుతారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇరిడియం, తురయా ఫోన్లే కాదు, సందేశాలు పంపే చిన్న శాటిలైట్ పరికరాలతో కూడా జనం ఎయిర్‌పోర్టుల్లో చిక్కుల్లో పడ్డారు. విదేశీ జెండాతో వచ్చే పడవ అయినా మన రేవులోకి రాగానే ఈ నిబంధన వర్తిస్తుంది. అనుమతి ఉంటే సరే, హాయిగా వాడుకోండి. లేకపోతే ఆ పరికరాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి.

మీకు కావలసింది హెచ్చరికా, బొమ్మా, అంకెలా?

రేడియోలో వాతావరణం మూడు రూపాల్లో వస్తుంది. ఒకటి, వాతావరణ శాఖ నిపుణుడు కూర్చుని రాసిన మాటలు: "ఆగ్నేయ బంగాళాఖాతంలో వాయుగుండం, రాగల 24 గంటల్లో బలపడే అవకాశం." రెండోది ఫ్యాక్స్ రూపంలో వచ్చే పటం. మూడోది కంప్యూటర్ మోడల్ అంకెలు, వాటిని గ్రిబ్ ఫైల్ అంటారు. పడవ దారి మళ్ళించాలా వద్దా అని రాత్రి రెండు గంటలకు తేల్చుకోవాల్సి వస్తే ఈ మూడింట్లో ఏది చేతిలో ఉండాలి? బంగాళాఖాతంలో అయితే మొదటిదే. ఉత్తర అట్లాంటిక్‌లో అయితే పటం కూడా అంతే ముఖ్యం. మూడు నాలుగు వారాల పాటు నేల కనిపించని దారిలో అంకెలు లేకుండా కష్టం.

నావ్‌టెక్స్: మీరు నిద్రపోతున్నా వినే పెట్టె

518 కిలోహెర్ట్జ్ మీద తీరంలోని కేంద్రాలు అక్షరాల రూపంలో సందేశాలు పంపుతాయి. పడవలోని చిన్న రిసీవర్ వాటిని తనంతట తానే పట్టుకుని తెర మీద చూపిస్తుంది. అడ్డంగా తిప్పాల్సిన బటన్ లేదు, ట్యూన్ చేసే పని లేదు, చందా లేదు. కరెంటు కూడా చాలా తక్కువ తాగుతుంది. ఒక్కో కేంద్రానికి నాలుగు గంటలకోసారి 10 నిమిషాల వంతు ఉంటుంది, అంటే రోజుకి ఆరుసార్లు.

మన దేశంలో ఇలాంటి కేంద్రాలు ఏడు: వేరావల్, వెంగుర్ల, ముట్టం, పోర్టో నోవో, వాకలపూడి, బాలాసోర్, అండమాన్ నికోబార్‌లో కీటింగ్ పాయింట్. వాకలపూడి మన కాకినాడ పక్కనే. ఈ దారిలో మనకు పనికొచ్చేవి ముఖ్యంగా వాకలపూడి, కీటింగ్ పాయింట్.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. నావ్‌టెక్స్ కచ్చితంగా అందుతుందని 250 మైళ్ళ వరకే నమ్మాలి. విశాఖ నుంచి బయల్దేరితే సుమారు 220 మైళ్ళ దగ్గర వాకలపూడి ఆ గీత దాటిపోతుంది. కీటింగ్ పాయింట్ కార్ నికోబార్‌లో ఉంది కాబట్టి, పోర్ట్ బ్లెయిర్ ఇంకా 140 మైళ్ళు ఉందనగా గానీ దాని పరిధిలోకి రాము. మధ్యలో దాదాపు 300 మైళ్ళు, రెండు రోజుల పైమాటే, ఎవరి హామీ లేని చోటు. రాత్రిళ్ళు ఈ తరంగాలు ఇంకా దూరం పాకుతాయి కాబట్టి చీకటి పడ్డాక చాలావరకు అందుతుంది. పగలు మాత్రం అదృష్టమే. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల గోల ఈ ఫ్రీక్వెన్సీని బాగా పాడుచేస్తుంది. అక్షరాలు ఎగిరిపోయి వాటి చోట చుక్కల గుర్తులు వస్తాయి. సగం వచ్చిన సందేశాన్ని ఊహతో పూరించకండి, నాలుగు గంటలాగి మళ్ళీ చూడండి.

సందేశాలు ఇంగ్లీషులో వస్తాయి. అక్కడి మాటలకు మన రేడియో, పేపర్ల మాటలు జోడించి ఒక కాగితం మీద రాసి రిసీవర్ పక్కన అంటించుకుంటే కంగారులో పొరపాటు జరగదు. డిప్రెషన్ అంటే వాయుగుండం, గాలి 17 నుంచి 27 నాట్లు. డీప్ డిప్రెషన్ అంటే తీవ్ర వాయుగుండం, 28 నుంచి 33. సైక్లోనిక్ స్టార్మ్ అంటే తుఫాను, 34 నుంచి 47. సివియర్ అని ముందు చేరితే 48 నుంచి 63. చిన్న పడవకు తీవ్ర వాయుగుండం మాటే చాలు, దారి మార్చుకోవడానికి.

నాకు జరిగిన ఒక తప్పు చెబుతాను. నావ్‌టెక్స్‌లో ప్రతి రకం సందేశానికి ఒక అక్షరం ఉంటుంది. ఏ (A) అంటే నౌకాయాన హెచ్చరిక, బీ (B) అంటే వాతావరణ హెచ్చరిక, డీ (D) అంటే గాలింపు, రక్షణ సమాచారం. ఈ మూడింటిని రిసీవర్‌లో ఆపడం కుదరదు. రోజువారీ వాతావరణ సూచన వచ్చేది ఈ (E) అనే అక్షరం కింద. దాన్ని ఆపేయొచ్చు. మా పడవలో ఎవరో ఎప్పుడో చికాకుతో ఆపేసి ఉన్నారు. రెండు రోజులు హెచ్చరికలేమీ రావడం లేదు, సూచన కూడా రావడం లేదు, వాతావరణం బాగుందనుకుంటూ కూర్చున్నాం. వాతావరణం నిజంగానే బాగుంది, కాబట్టి బతికిపోయాం. బయల్దేరే ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి E అక్షరం, మీ దారిలోని కేంద్రాలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. అది రెండు నిమిషాల పని.

తీరం దగ్గర: ఆకాశవాణి, వీహెచ్ఎఫ్, జెమిని

మొదటి రోజు, చివరి రోజు సంగతి వేరు. వీహెచ్ఎఫ్ రేడియో పడవలో ఎలాగూ ఉంటుంది, తీర కేంద్రంతో 20, 30 మైళ్ళ వరకు మాట కలుస్తుంది. అంతకు మించి ఆశించకండి. దూరంగా వెళ్తున్న సరుకు నౌకను పిలిచి వాతావరణం అడగడానికి మాత్రం ఇది చాలా మంచి పరికరం. నౌక బ్రిడ్జి మీద ఉన్నవాళ్ళు మర్యాదగా అడిగితే దాదాపు ఎప్పుడూ చెబుతారు.

ఆకాశవాణి విశాఖ కేంద్రం మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. మత్స్యకారులకు హెచ్చరికలు తెలుగులోనే వింటాం. చిన్న ట్రాన్సిస్టర్ చాలు. మన వేటకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళలో తరాలుగా ఈ మాట మీదే పడవ నీళ్ళలోకి దించాలా వద్దా అన్నది తేలుతోంది. తుఫాను కాలంలో రెండో రాత్రి వరకు అది వినిపిస్తున్నంతసేపు వినండి.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారుల కోసం 2019లో తెచ్చిన జెమిని పరికరం గురించి యాట్ వాళ్ళకు పెద్దగా తెలియదు. గగన్ ఉపగ్రహం నుంచి తుఫాను హెచ్చరికలు, అలల ఎత్తు, చేపలు దొరికే చోట్ల వివరాలు అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోన్ తెర మీద చూపిస్తుంది. ఇది అందుకోవడానికే, తిరిగి పంపడానికి కాదు. దొరికే వీలుంటే మన జలాల్లో తిరిగేవాళ్ళు తప్పక ఆలోచించాలి. నావ్‌టెక్స్ వదిలేసే ఆ రెండు రోజుల ఖాళీని పూడ్చేది నా ఎరుకలో ముందుగా ఇదే.

షార్ట్‌వేవ్ రిసీవర్, వెదర్‌ఫ్యాక్స్

ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, నౌకలు వాడే ప్రసార పద్ధతి) సౌకర్యం ఉన్న చేతిలో పట్టే రిసీవర్ ఒకటి, ఎనిమిది పది మీటర్ల తీగ ఒకటి, ఫ్యాక్స్ చదివే యాప్ ఉన్న ఫోన్ ఒకటి. ఇంతే. కొనేటప్పుడు ఎస్ఎస్‌బీ ఉందా అని తప్పకుండా అడగండి. అది లేని రేడియోలో షార్ట్‌వేవ్ పాటలు వస్తాయి గానీ నౌకా ప్రసారాలు బాతు అరుపుల్లా తప్ప వినిపించవు.

మొదటిసారి ఫ్యాక్స్ పట్టుకున్న రాత్రి నాకు ఇంకా గుర్తుంది. తీగను హాల్‌యార్డ్‌కి, అంటే తెరచాప ఎత్తే తాడుకి, కట్టి సగం స్తంభం దాకా ఎత్తాం. హెడ్‌ఫోన్‌లో గోధుమలు విసురుతున్నట్టు గరగర. ట్యూన్ కాస్త కిందికి జరిపాక ఆ గరగరలోంచి గడియారంలా ఒక లయ బయటికొచ్చింది, సెకనుకి రెండుసార్లు, టిక్ టిక్ అని. ఆ లయే ఫ్యాక్స్ గీతలు, నిమిషానికి 120. ఫోన్ తెర మీద పైనుంచి కిందికి ఒక్కో గీతా పడుతూ, ముందు ఏదో తీరపు వంకర, ఆ తర్వాత పీడన రేఖలు, ఆ తర్వాత అంకెలు. ఒక పటం పూర్తవడానికి దాదాపు 10 నిమిషాలు. పడవ ఊగుతుంటే తీగ ఊగి మధ్యలో ఒక పట్టీ బూడిద రంగుకి తిరిగింది. అయినా చదవగలిగాం.

ట్యూనింగ్‌లో ఒక కిటుకు ఉంది, అది తెలియక చాలామంది స్టేషనే లేదనుకుంటారు. జాబితాలో ఇచ్చిన ఫ్రీక్వెన్సీకి 1.9 కిలోహెర్ట్జ్ తక్కువలో అప్పర్ సైడ్‌బ్యాండ్ పెట్టాలి. ఆస్ట్రేలియా విలూనా కేంద్రం 10555 అని ఉంటే మీరు పెట్టాల్సింది 10553.1. బ్యాంకాక్ 7396.8 అయితే 7394.9. పగలు పెద్ద అంకెలు, రాత్రి చిన్న అంకెలు బాగా పలుకుతాయని గుర్తుంచుకుంటే చాలు. వేళలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటాయి, మన టైమ్‌కి ఐదున్నర గంటలు తక్కువ. బల్ల దగ్గర ఒక గడియారాన్ని యూటీసీకి పెట్టి ఉంచండి, మనసులో లెక్కలు వద్దు.

అయితే ఫ్యాక్స్ పటం బంగాళాఖాతంలో ఎంత ఉపయోగం? నిజాయతీగా చెప్పాలంటే, పైన ఉన్న అక్షాంశాల్లో ఉన్నంత కాదు. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ పీడన రేఖలు పలచబడతాయి, రేఖల మధ్య దూరం చూసి గాలి బలం అంచనా వేసే పద్ధతి సరిగా పనిచేయదు. అదే పటం టాస్మాన్ సముద్రంలోనో ఉత్తర అట్లాంటిక్‌లోనో మీకు మూడు రోజుల భవిష్యత్తు కళ్ళకు కట్టిస్తుంది. ఒంటరిగా భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పడవ రేసులో వాళ్ళు శాటిలైట్ ద్వారా వాతావరణం తెప్పించుకోకూడదు, షార్ట్‌వేవ్, ఫ్యాక్స్ మాత్రమే. మన అభిలాష్ టామీ ఆ నిబంధనతోనే భూమిని చుట్టి వచ్చి 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ముగించాడు. 2018లో అదే రేసులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో పడవ స్తంభం విరిగి, వెన్ను దెబ్బతిన్న మనిషి అతను. షార్ట్‌వేవ్ పాతకాలపు ముచ్చట అనేవాళ్ళకు ఆ ప్రయాణాన్ని చూపించాలి.

ఈమెయిల్‌తో గ్రిబ్: రెండు వైపులా మాట

ఇక పెద్ద ఏర్పాటు. 150 వాట్ల మెరైన్ ఎస్ఎస్‌బీ రేడియో, యాంటెన్నా ట్యూనర్, స్తంభాన్ని వెనక నుంచి లాగి పట్టే తీగను ఇన్సులేటర్లతో యాంటెనాగా మార్చడం, నీటితో కలిసే రాగి పట్టీలు, రేడియో మీద ఈమెయిల్ నడిపే పాక్టర్ మోడెమ్. మోడెమ్ ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది. మాట్లాడేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 25, 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. దీనితో, పడవలకు రేడియో ఈమెయిల్ ఇచ్చే సెయిల్‌మెయిల్ సంస్థలో సభ్యులైతే వారానికి 90 నిమిషాల వాడకం ఉంటుంది. హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్స్ ఉంటే అలాంటిదే అయిన విన్‌లింక్ ఉచితం, కానీ వ్యాపారం మాటలు అక్కడ కుదరవు.

సెయిల్‌డాక్స్ అనే ఉచిత సేవకు ఒక చిన్న ఈమెయిల్ పంపితే గ్రిబ్ తిరిగి వస్తుంది. ఏ చదరం కావాలో, ఎన్ని డిగ్రీలకొక అంకె కావాలో, ఎన్ని గంటల దాకా కావాలో, గాలి, పీడనం రెండూనా అన్నది ఆ ఒక్క వాక్యంలో రాస్తారు. 8 నుంచి 20 ఉత్తర అక్షాంశాలు, 80 నుంచి 96 తూర్పు రేఖాంశాలు, డిగ్రీకొక అంకె, 12 గంటలకొకటి చొప్పున నాలుగు రోజులు అడిగితే ఫైల్ 10 కిలోబైట్ల దగ్గర ఉంటుంది. ఇంకా సన్నని వివరం అడగాలనే ఆశ పుడుతుంది, వద్దు. షార్ట్‌వేవ్‌లో ప్రతి కిలోబైటూ బ్యాటరీ ఖర్చే.

దీని సుఖం దీనికుంది. మీ దారికి, మీ వారానికి, మీరు అడిగిందే వస్తుంది. కానీ గ్రిబ్‌ను ఒంటరిగా నమ్మడం ప్రమాదం. ఆ అంకెల మధ్య మనిషి చూపు లేదు. డిగ్రీకొక అంకె అంటే 60 మైళ్ళకొకటి. తుఫాను నడిమి బలమంతా అంతకంటే చిన్న చోట ఉంటుంది, సగటులో కలిసిపోయి 30 నాట్లలా కనిపిస్తుంది. తెర మీద పచ్చగా, అందంగా ఉన్న చోట అసలు సముద్రంలో 60 నాట్లు ఉండొచ్చు. అందుకే మోడెమ్ ఉన్న పడవలో కూడా నావ్‌టెక్స్ ఉండి తీరాలంటాను. తుఫాను దారి సూచనకు నావికులు వాడే లెక్క ఒకటుంది: 24 గంటల తర్వాతి చోటుకి 100 మైళ్ళు, 48కి 200, 72కి 300 మైళ్ళ తప్పు ఉండొచ్చని వలయం గీసుకుని, ఆ వలయం బయట ఉండాలి. దానికి గాలి వ్యాప్తిని కూడా కలపాలి.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పంపడానికి పడవకు స్టేషన్ లైసెన్స్, మనిషికి ఆపరేటర్ అర్హత కావాలి. హ్యామ్ పరీక్షకు శిక్షణ హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోలో దొరుకుతుంది.

మాట రూపంలో సలహా ఇచ్చే నెట్‌లు, అంటే పడవలు ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకునే రేడియో ముచ్చట్లు, కూడా ఉండేవి, ఉన్నాయి. కెనడాలోని హెర్బ్ హిల్గెన్‌బర్గ్ 12359 కిలోహెర్ట్జ్ మీద అట్లాంటిక్ పడవలకు ఏళ్ళ తరబడి ఉచితంగా దారి చెప్పి 2013లో విరమించాడు. ఒక మనిషి మీద ఆధారపడిన సేవ ఎంత గొప్పదైనా అది ఉన్నన్నాళ్ళే. అమెరికా తీర రక్షక దళం గొంతు ప్రసారాలు, ఆస్ట్రేలియా గొంతు ప్రసారాలు మాత్రం సంస్థలవి, పైన చెప్పిన చేతి రిసీవర్‌తోనే వినొచ్చు.

మరి ఏది?

జనవరి నుంచి మార్చి మధ్య, విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఒక్కసారి వెళ్ళి వచ్చేవాళ్ళయితే: నావ్‌టెక్స్, ఎస్ఎస్‌బీ ఉన్న చేతి రిసీవర్, దొరికితే జెమిని. ఇక్కడితో ఆపేయండి. మిగిలిన డబ్బు మంచి బ్యాటరీ మీద పెట్టండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య, లేదా ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళాలనుకుంటే: ఏ రేడియో కొన్నా ఆ కాలాన్ని మార్చలేదు, తేదీ మార్చుకోండి.

లంక దాటి చాగోస్, సేషెల్స్ వైపో, ఆస్ట్రేలియా వైపో వారాల తరబడి వెళ్ళేవాళ్ళకు పాక్టర్‌తో ఈమెయిల్ విలువ తెలుస్తుంది. శాటిలైట్‌కి చట్టబద్ధమైన అనుమతి ఉన్నవాళ్ళు ఆ ఖర్చును అటు మళ్ళించొచ్చు, తప్పు లేదు. కానీ వాళ్ళు కూడా చేతి రిసీవర్ ఒకటి ఓవెన్‌లో పెట్టుకోండి; పిడుగు పడితే బల్ల మీది పరికరాలు పోయినా ఇనుప పెట్టెలో ఉన్నది బతికే అవకాశం ఎక్కువ.

ఏది కొన్నా బారోమీటర్ తీసేయకండి. మన సముద్రంలో పీడనం రోజూ ఉదయం 10కి, రాత్రి 10కి పెరిగి, 4 గంటలకు రెండు పూటలా తగ్గుతుంది. ఆ రోజువారీ ఊపును తీసేశాక మామూలు కంటే 3 హెక్టోపాస్కల్స్ తగ్గితే జాగ్రత్త పడాలి. 5 దాటితే రేడియో ఏమీ చెప్పకపోయినా దగ్గర్లో తుఫాను ఉందనే లెక్క.

బయల్దేరే ముందు రోజు రాత్రి రేవులో ఒక పని చేయండి. రిసీవర్ ఆన్ చేసి, ఖాళీ ఫ్రీక్వెన్సీలో పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, పడవలో ఒక్కో స్విచ్ ఆపుతూ రండి; ఏది ఆపితే రొద తగ్గుతుందో అదే రేడియోకి అడ్డు. మా పడవలో మూడు గంటలు వెతికాక తేలింది, ఫ్రిజ్ కాదు, ఇన్వర్టర్ కాదు, సోలార్ కంట్రోలర్. దాని బ్రేకర్ దించగానే ఆ రొద ఒక్కసారిగా ఆగి, అంతదాకా లేదనుకున్న ఫ్యాక్స్ టిక్ టిక్ మెల్లగా వినిపించింది. ఏ బ్రేకర్ దించాలో ఒక టేపు ముక్క మీద రాసి రేడియో మీద అంటించాం.